వండుమట్టి

నీళ్లు పోయినాయి.
పోతా పోతా మోకాటి లోతు మన్ను పెట్టి పోయినాయి,
పెండ్లికొచ్చినోళ్లు ఎంగిలాకులు వదిలేసి పోయినట్టు.

ఖాబూరాలో, సముద్రానికి రెండు వీధుల ఇవతల,
మామా థురయ్యా ఇంటి తలుపు ఉబ్బి తెరుచుకోలేదు.
కిటికీ ఊచలు కోసి లోపలికి దిగినాము:
నేను, ఆమె, పంపు మోసుకొచ్చిన బలూచీ పిల్లోడు మురాద్.

ఫ్రిజ్జు పడకింట్లో ఉంది.
పడకింటి పరుపు వంటింట్లో ఉంది.
బియ్యం మూట ఉబ్బి పగిలి
ఇల్లంతా పులిసిన వాసన.
గోడల మీద నా రొమ్ము ఎత్తుకు ఒక గీత,
మేస్త్రీ దారం కొట్టి గీసినంత సమంగా.

నేను రాయచోటి దాపున పుట్టినదాన్ని.
వెయ్యడుగులు బోరు దించితే
తెల్లటి రాతిపొడి లేచిన ఊరు మాది.
నీళ్లు ఇంట్లోకి రావడమంటే
బిందెతో, నెత్తిన, మెల్లగా రావడమే.
ఎండిన చెరువులో వండు తవ్వి చేలకు తోలుకుంటే
ట్రాక్టరుకు ఎనిమిది నూర్లు.
ఇక్కడ హాల్లో, సోఫాల కింద,
ఊరకే, తట్టలు తట్టలు.

వేళ్లతో నలిపి చూసినాను.
పిడికిలి పడితే అచ్చు నిలిచే మన్ను.
"ఏం చూస్తావు ఉబ్లా?" అనింది మామా.
ఓబులమ్మ అనేదానికి పదకొండేండ్లయినా ఆమె నోరు తిరగలేదు.
చెనిక్కాయ చేనికి బలే మన్ను అని చెప్పబోయినాను.
చేనును అరబ్బీలో ఏమంటారో
ఇన్నేండ్లలో అవసరం పడనే లేదు.

బురద పచ్చిగా ఉన్నప్పుడే తోసెయ్యాల.
ఆరితే గచ్చును విడవదు.
వెనక గదిలో మొదలుపెట్టి వాకిలి దాకా,
పార, వైపరు, పైపు, మళ్లీ పార.
కరెంటు బొక్కల మరలు విప్పి
లోపలి మన్ను పండ్ల బ్రష్షుతో గీకినాను.
తివాచీని ముగ్గురం ఎత్తలేక
కత్తితో నాలుగు ముక్కలు చేసినాము.
అది ఆమె పెండ్లి నాటిది.
కోసేటప్పుడు తల తిప్పుకునింది,
"ఇంకొంచెం నేరుగా కొయ్యి" అని మాత్రం అనింది.

ఏడో దినం నా గదికొచ్చినాను.
ప్రహరీకి ఆనుకున్న రేకుల గది.
ఎవరూ అడగలేదు, నేనూ గుర్తు చెయ్యలేదు.
సూట్‌కేసు నీళ్లు తాగి శవమంత బరువు.
చీరలు ఉతికితే వస్తాయి.
లెక్కల పుస్తకం ఉతికితే రాదు.
పేజీ పేజీ విడదీసి
బట్టల తీగకు క్లిప్పులు పెట్టినాను.
పెన్సిలుతో రాసినవన్నీ నిలిచినాయి:
ఊళ్లో అప్పులు, వడ్డీలు, చీటీపాట బాకీ.
పెన్నుతో రాసుకున్నవి నీలం మరకలైనాయి:
అవి నా జీతాలు.

మామా వచ్చి తీగ కింద నిలబడింది.
బకెట్టు బోర్లించి కూర్చునింది.
కండ్లు మూసుకుని చెప్పను మొదలుపెట్టింది:
రంజాను, తొంభై రియాళ్లు, నీ చేతికే ఇచ్చినాను.
షవ్వాలు, తొంభై.
హజ్జు నెల సగమే, మిగిలింది దాచమన్నావు.
నేను పెన్సిలు తీసుకున్నాను.

సఫర్ నెల దగ్గర కుదరలేదు.
ఆమె ఇచ్చినానంటుంది. నేను లేదంటాను.
ఆమె అబద్ధమాడదు. నేనూ ఆడను.
చాలాసేపు పంపు చప్పుడే విన్నాము.
ఆ గడి ఖాళీగా పెట్టి లేచినాము.

గోడలకు నెలన్నా గాలి తగలాలని
రంగులాయన గీత మీద తట్టి చెప్పిపోయినాడు.

గేటు బయట మేము పోసిన మన్ను కుప్పలో
వంటింటి డబ్బాలోంచి కొట్టుకుపోయిన మెంతులు
పచ్చగా, గుంపుగా లేచినాయి.
గిల్లి పప్పులో వెయ్యాలనిపించింది.
మురుగు కలిసిన మన్ను కదా అని చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

సాయంత్రం బలదియా లారీ వచ్చింది.
"యాడికి తీసకపోతావు దీన్ని?"
"ఊరి బయట గుట్టల్లో పారబోస్తాము."
లారీ నిండేదాకా నిలబడి లెక్కపెట్టినాను.
రెండు ట్రాక్టర్లకు తక్కువ లేదు.
పదహారు నూర్లు.